బెలూన్ ఎందుకు పగిలింది?

(విజయవాడ ఆటోనగర్‌లో బస్సు మెకానిక్‌లు, డ్రైవర్లు, ట్రావెల్స్ యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

మేస్త్రీలకు, డ్రైవర్ అన్నలకు, బస్సులు నడుపుకుంటున్న యజమానులకు నమస్కారం.

ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద బండిని నిలబెట్టే ఏర్పాటు, దాని రిపేరు గురించి మాట్లాడమన్నారు. ఆ రబ్బరు సంచినే మనం బెలూన్ అంటాం. అసలు మాట ముందే చెప్పేస్తాను. బెలూన్ పగిలిన బస్సు షెడ్డుకు వస్తే మనం ఏం చేస్తున్నాం? పాతది విప్పుతాం, కొత్తది బిగిస్తాం, గాలి ఎక్కిస్తాం. బండి లేస్తుంది, డ్రైవర్ వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు అదే మూల, అదే బెలూన్ మళ్ళీ పోతుంది. అప్పుడు సామాను డూప్లికేట్ అని షాపతని మీద పడతాం. డూప్లికేట్ సామాను లేదని నేను అనను. కానీ నేను చూసిన బండ్లలో బెలూన్ తనంతట తాను పోవడం తక్కువ. పక్కనున్న పార్టు ఏదో దాన్ని పాడు చేస్తోంది. అదేంటో పట్టుకోకుండా బెలూన్ మార్చడమంటే యజమాని డబ్బుతో రోగాన్ని పోషించడమే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1953లోనే బస్సులకు గాలి సస్పెన్షన్ పెట్టింది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అనే ఖరీదైన కారుకూ పెట్టారు. బస్సుల్లో అది నిలబడింది. ఆ కారులో మాత్రం లీకులతో విసిగిపోయి చాలామంది ఓనర్లు దాన్ని పీకేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. ఆ తేడా నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. డిపోకు వచ్చే బస్సును రోజూ చూసే మనిషి ఉంటాడు. ఇంటి ముందు ఆగే కారును ఎవరూ వంగి చూడరు. మన దేశంలో 2001లో వోల్వో బి7ఆర్ రోడ్డెక్కిన తర్వాతే దూరప్రయాణం బస్సంటే ఇలా ఉండాలని జనానికి తెలిసింది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రాత్రంతా నిద్రపోతూ వెళ్ళొచ్చనే నమ్మకం వచ్చిందంటే అందులో ఇంజన్‌కు ఎంత వాటా ఉందో, ఈ రబ్బరు సంచులకూ అంత వాటా ఉంది.

కమాన్ కట్టలతో, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులతో, తేడా ఏంటో ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు వెళ్తాను. కమాన్ కట్టను నిండు లోడుకు తగ్గట్టు తయారు చేస్తారు. బస్సు ఖాళీగా ఉంటే అది గట్టిగా ఉండి ఎత్తేస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. గాలి అలా కాదు. లోడు పెరిగితే బస్సు ఎత్తు చూసుకునే లెవలింగ్ వాల్వ్ బెలూన్‌లోకి ఇంకాస్త గాలి పంపుతుంది. ప్రెషర్ పెరిగి బెలూన్ గట్టిపడుతుంది. లోడు దిగితే గాలి వదిలేస్తుంది, మెత్తబడుతుంది. అందుకే పది మంది ఉన్నా, నలభై మంది ఉన్నా బస్సు ఎత్తు ఒకటే, ఊపు కూడా దాదాపు ఒకటే.

అయితే కమాన్ కట్ట ఇంకో పని కూడా చేస్తుంది. యాక్సిల్‌ను, అంటే చక్రాల ఇరుసును, ముందుకీ వెనక్కీ పక్కకీ కదలకుండా పట్టుకుంటుంది. బెలూన్ ఆ పని చేయదు, చేయలేదు. అది బరువు మోయడానికే. యాక్సిల్‌ను దాని స్థానంలో ఉంచేవి దాన్ని ఛాసిస్‌కు, అంటే బస్సు చట్రానికి, కలిపే టార్క్ రాడ్లు, వాటి చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు లెవలింగ్ వాల్వ్. వాల్వ్ బాడీ ఛాసిస్‌కు ఉంటుంది, దాని చేయి ఒక చిన్న లింకు రాడ్డు ద్వారా యాక్సిల్‌కు తగిలించి ఉంటుంది. బస్సు కిందికి దిగితే చేయి పైకి లేస్తుంది, ట్యాంకు నుంచి గాలి బెలూన్‌కు పోతుంది. బస్సు మరీ లేస్తే చేయి కిందికి దిగుతుంది, గాలి బయటికి పోతుంది. మధ్యలో ఉన్నప్పుడు రెండు దార్లూ మూసి ఉంటాయి. చాలా బస్సుల్లో ముందు యాక్సిల్‌కు ఒకే వాల్వ్, వెనక ఎడమకొకటి, కుడికొకటి ఉంటాయి. మొత్తం మూడు. నాలుగు మూలలకు నాలుగు ఎందుకు పెట్టలేదంటే, అప్పుడు ఒకదాంతో ఒకటి పోట్లాడి ఛాసిస్‌ను మెలిపెడతాయి.

ఈ మూడు వాల్వ్‌ల లెక్క తెలిస్తే సగం లీకులు నిలబడి చూసే కనిపెట్టొచ్చు. రాత్రి ఆపిన బస్సు పొద్దునకు వెనక ఎడమ మూల మాత్రమే కూర్చుందనుకోండి. ఆ పక్క బెలూన్లు, వాటి పైపులు, ఫిట్టింగులు, ఆ ఒక్క వాల్వ్, అంతవరకే వెతకాలి. అదే ముందు భాగం రెండు వైపులా సమానంగా కూర్చుంటే? రెండు బెలూన్లూ పోయాయని రెండూ విప్పేసిన షెడ్లు ఉన్నాయి. ముందు రెండు బెలూన్లకూ వాల్వ్ ఒకటే కాబట్టి రెండిట్లో గాలి కలిసే ఉంటుంది. ఒకదానికి చిల్లు పడితే రెండోది కూడా దిగిపోతుంది. ఒక్క బెలూన్ కోసం రెండింటి డబ్బు పెట్టించకండి.

డ్యాష్‌బోర్డు గేజు కూడా ఒక సమాచారం ఇస్తుంది. ప్రెషర్ నిండుగా ఎక్కించి ఇంజన్ ఆపండి. చక్రాలకు దిమ్మలు పెట్టి కాసేపు గేజు చూడండి. చాలా బండ్లలో బ్రేకు లైన్లకూ సస్పెన్షన్ లాంటి మిగతా లైన్లకూ మధ్య ప్రొటెక్షన్ వాల్వ్ ఉంటుంది. ఒక లైను ఖాళీ అయినా బ్రేకుకు గాలి మిగలాలని పెట్టిన ఏర్పాటది. గేజు మెల్లగా దిగి ఒకచోట ఆగిపోయిందా, లీకు బ్రేకుల అవతల ఉన్న లైన్లలో ఉండే అవకాశం ఎక్కువ. ఆగకుండా దిగుతూనే ఉంటే బ్రేకు లైన్లు చూడండి. ఆ బండిని బ్రేకుల సంగతి తేలేదాకా రోడ్డెక్కించొద్దు.

చోటు తెలిశాక సబ్బు నీళ్ళు. ఇంతకంటే మంచి పరికరం నాకు ఇంకా కనిపించలేదు. బెలూన్ పై ప్లేటు అంచు, కింద దాన్ని మోసే పిస్టన్ దగ్గర మడత, పైపు జాయింట్లు, వాల్వ్ ఎగ్జాస్టు రంధ్రం, అన్నిటి మీదా బ్రష్‌తో పూయండి. వాల్వ్ ఎగ్జాస్టు దగ్గర బుడగలు వస్తే వెంటనే వాల్వ్ మార్చకండి. లింకు రాడ్డు విప్పి చేతిని మధ్యలో పెట్టండి. బుడగలు ఆగితే వాల్వ్ మంచిదే, లింకు వంగిందో సెట్టింగు తప్పిందో చూడాలి. ఆగకపోతే వాల్వ్ లోపలే పోయింది. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల ఎన్ని మంచి వాల్వ్‌లు పాత ఇనుములో పడ్డాయో చెప్పలేను.

పాత బెలూన్‌ను కూడా వెంటనే పారేయకండి, తిప్పి చూడండి. అది ఎలా పోయిందో దాని మీదే రాసి ఉంటుంది. పై ప్లేటు లోపలికి సొట్టపడి, లోపలి రబ్బరు స్టాపు నలిగి ఉంటే బస్సు కిందికి కూర్చుని కొట్టుకుంటోందని అర్థం. ఓవర్‌లోడో, వాల్వ్ గాలి పంపకపోవడమో, షాక్ అబ్జార్బర్ చచ్చిపోవడమో కారణం. పై ప్లేటు అంచు దగ్గర రబ్బరు ఊడొచ్చి ఉంటే దానికి వ్యతిరేకం. బెలూన్ మరీ సాగింది. బస్సును ఎత్తుగా సెట్ చేశారు, లేదా షాక్ అబ్జార్బర్ తెగి యాక్సిల్ వేలాడింది. పక్కన ఒకేచోట అరిగి చిల్లు పడితే ఏదో దానికి తగులుతోంది. మడత చుట్టూ అరిగితే పిస్టన్‌కూ రబ్బరుకూ మధ్య ఇసుక, మట్టి చేరి సానపెట్టాయి. రబ్బరు ఉబ్బి మెత్తగా జిగటగా ఉంటే ఆయిల్ తగిలింది.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్పాలి. కమాన్ కట్టల బండ్లకు సర్వీసింగ్ చేసినప్పుడు అడుగంతా డీజిల్, వేస్ట్ ఆయిల్ కొట్టడం మన దగ్గర పాత అలవాటు. కట్టల మధ్య కిర్రుమనకుండా, తుప్పు పట్టకుండా కొడతాం. అదే చేత్తో ఎయిర్ సస్పెన్షన్ బస్సుకూ కొట్టేస్తున్నారు. రబ్బరుకు అది విషం. వాషింగ్ కుర్రాళ్ళకు ఎవరూ చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? దయచేసి చెప్పండి. బెలూన్‌కు సబ్బు నీళ్ళు, తర్వాత మంచి నీళ్ళు చాలు. వెల్డింగ్ చేసేటప్పుడు కూడా నిప్పురవ్వలు పడకుండా తడి గోనె కప్పండి.

ఇందాక వదిలేసిన టార్క్ రాడ్ల దగ్గరికి వద్దాం. విజయవాడ, హైదరాబాద్ మధ్య తిరిగే ఒక స్లీపర్ బస్సు. వెనక ఎడమవైపు బెలూన్ మళ్ళీ మళ్ళీ పోతోంది. కంపెనీ సామాను వేశారు, బెలూన్ బ్రాండు మార్చారు, చివరికి వాల్వ్ కూడా మార్చారు. తీసిన బెలూన్లు వరసగా పెట్టి చూస్తే అన్నిటికీ ఒకే వైపు అరుగుదల. బోల్టు కూడా ఒక పక్కకు లాగినట్టుంది. అంటే బెలూన్ నిటారుగా నిలబడట్లేదు. కింద దూరి టార్క్ రాడ్ దగ్గర సబ్బల్ పెట్టి ఎగదోస్తే రాడ్డు టకటక కొట్టుకుంది. బుష్‌లో రబ్బరు మిగల్లేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ యాక్సిల్ జరుగుతోంది, బెలూన్ వంకరవుతోంది. వెనక టైర్లు కూడా ఒక పక్కే అరుగుతున్నాయి. కానీ ఆ టైర్లు చూసినాయన వేరు, బెలూన్ చూసినాయన వేరు. ఇద్దరూ కలిసి ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే మొదటి బెలూన్‌తోనే ఆ కథ అయిపోయేది. బుష్‌లు మార్చి, యాక్సిల్ అలైన్‌మెంట్ చేశాక ఆ మూల గొడవ ఆగింది.

షాక్ అబ్జార్బర్ కూడా అంతే. అది ఊపు ఆపడానికే అనుకుంటాం. చాలా బస్సుల్లో యాక్సిల్ మరీ కిందికి వేలాడకుండా పట్టి ఉంచేది కూడా అదే. అది ఊడితే గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ బెలూన్ తన హద్దు దాటి సాగుతుంది. ఛాసిస్‌ను జాకీతో ఎత్తేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. షాక్ అబ్జార్బర్లు విప్పేసి ఛాసిస్ ఎత్తితే యాక్సిల్ బరువంతా బెలూన్లకు వేలాడుతుంది. మీరు షాక్ అబ్జార్బర్ మార్చబోయి బెలూన్ చింపినట్టవుతుంది.

డ్రైవర్ అన్నలు నన్ను మన్నించాలి, ఇది మీ కోసం. రోడ్డు బాగాలేదని, స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతోందని లింకు రాడ్డు తిప్పి బస్సును ఎత్తించుకుంటున్నారు. మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ కంపెనీ ఇచ్చిన ఎత్తు ఊరికే రాసింది కాదు. బస్సు ఎత్తయితే బెలూన్‌కు పైకి సాగే జాగా తగ్గుతుంది. ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి క్రాస్ జాయింట్ అరుగుతుంది, వైబ్రేషన్ మొదలవుతుంది. వెనక భాగం ఎత్తయితే హెడ్‌లైట్లు కిందికి వంగి చీకట్లో మీకే దూరం కనపడదు. వెనక ఒక పక్క మాత్రమే ఎత్తితే ఇంకా ప్రమాదం. కుడి వెనక లేపితే ఎడమ ముందు చక్రం మీద బరువు పడుతుంది, బ్రేకు వేసినప్పుడు బస్సు ఒక పక్కకు లాగుతుంది. ఎత్తు సెట్ చేయాలంటే చదునైన నేల ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, ట్యాంకుల్లో ప్రెషర్ నిండుగా ఉండాలి. అప్పుడు మాన్యువల్ చెప్పిన చోట టేపు పెట్టి కొలవాలి. కంటి అంచనాతో చేసే పని కాదిది.

ఇక గాలి. బెలూన్ కంటే, వాల్వ్ కంటే నాకు దీని మీదే ఎక్కువ బాధ, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కంప్రెసర్ బయటి గాలి లాగి నొక్కుతుంది. మచిలీపట్నం, కాకినాడ వైపు తిరిగే బండి లాగే గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు చెప్పాలా? ఆ తేమను ఎయిర్ డ్రయర్‌లో ఉండే గుళికలు పీల్చుకుంటాయి. ప్రెషర్ నిండగానే డ్రయర్ కింద నుంచి బుస్సుమని గాలి కొడుతుంది కదా, అప్పుడు కొంత పొడి గాలి వెనక్కి వచ్చి గుళికల్లోని తడిని బయటికి తోసేస్తుంది. డ్రయర్ మళ్ళీ పనికి సిద్ధమవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లీకు ఉందనుకోండి. బస్సు కూర్చోవట్లేదు, ప్రయాణికులు ఏమీ అనట్లేదు. కానీ పోయే గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా కొడుతూనే ఉంటుంది. లీకు పెరిగితే ప్రెషర్ నిండదు. నిండకపోతే ఆ బుస్సు రాదు. అది రాకపోతే డ్రయర్ ఆరదు. తడి గాలి ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి వాల్వ్‌లలోకి వెళ్తుంది, తుప్పు మొదలవుతుంది. అటు కంప్రెసర్ వేడెక్కి రింగులు అరిగి ఆయిల్ తోస్తుంది, పైపులో మసి గడ్డకడుతుంది. ఆ ఆయిల్ వచ్చి గుళికల మీద పూతలా పట్టుకుంటే అవి ఇక తేమ పీల్చవు, నలిగి తెల్లటి పొడై వాల్వ్‌లలో ఇరుక్కుంటాయి. అదే గాలి బ్రేకులకూ వెళ్తోందని మర్చిపోవద్దు. ఇదంతా ఒక పైపు జాయింటు దగ్గర బుడగతో మొదలైంది.

అందుకే డ్రైవర్ అన్నలు చెవి పెట్టండి. ఆ బుస్సుమనే శబ్దం చాలాసేపు వినపడకపోయినా, మాటిమాటికీ వినపడుతున్నా షెడ్డులో చెప్పండి. ట్యాంకుల డ్రెయిన్ లాగినప్పుడు నీళ్ళు వస్తే డ్రయర్ పని చేయట్లేదు. పాలలా తెల్లగా జిడ్డు వస్తే నీళ్ళతో పాటు ఆయిల్ కూడా వస్తోంది, కంప్రెసర్‌ను చూడాలి. గుళికలుండే డ్రయర్ కార్ట్రిడ్జ్‌ను కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి, సముద్రం పక్కన తిరిగే బండికి ఇంకా ముందే మార్చండి. యజమానులు కార్ట్రిడ్జ్ ఖర్చు చూస్తారు. కంప్రెసర్ ఖర్చు పక్కన పెట్టి చూడమని నా మనవి.

కార్ల గురించి కూడా అడిగారు. లోపలి సూత్రం అదే. గాలి సస్పెన్షన్ ఉన్న ఖరీదైన కార్లలో చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఉంటుంది, అది ఆగకుండా నడవడానికి తయారు చేసింది కాదు. లీకు వల్ల గంటల తరబడి తిరిగి కాలిపోతుంది. కొత్త కంప్రెసర్ వేసి లీకు వదిలేస్తే కొత్తదీ కాలుతుంది. కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే రిలే అతుక్కుపోయి ఉందేమో కూడా చూడండి. జాకీ పెట్టే ముందు, కారు తనంతట తాను ఎత్తు సర్దుకోవడం ఆపే జాకింగ్ మోడ్ ఆన్ చేయాలి. హైట్ సెన్సర్ మార్చితే స్కానర్‌తో కాలిబ్రేషన్ చేయాలి. అంతకుమించి కార్ల గురించి ఇవాళ చెప్పను, టైము చాలదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం సెల్‌ఫోన్లు పక్కన పెట్టి వినండి. గాలి మీద నిలబడ్డ బస్సు కిందికి దూరొద్దు. ఎయిర్ సస్పెన్షన్ బస్సు చూడటానికి ఎత్తుగా, కదలకుండా ఉంటుంది. మనిషి సులువుగా దూరగలడు. మీరు లోపల ఉండగా ఒక పైపు ఊడినా, ఎవరో లింకు రాడ్డు విప్పినా, పైన ఎవరో స్విచ్ నొక్కినా టన్నుల బరువు క్షణాల్లో స్టాపుల మీదికి దిగుతుంది. ఆ దిగిన తర్వాత మిగిలే సందులో మనిషి ఛాతీ పట్టదు. ఇలా ప్రాణాలు పోయాయి. జాకీ మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు. ఛాసిస్ కింద కంపెనీ చూపించిన చోట గట్టి స్టాండ్లు పెట్టండి, చక్రాలకు దిమ్మలు పెట్టండి, తర్వాతే దూరండి. స్టాండు లేదు, అర్జెంటు, ఐదు నిమిషాల పని అంటారు. స్టాండు వచ్చేదాకా ఆ పని ఆగాలి. యజమానులు కూడా ఆ ఆలస్యానికి కోప్పడొద్దు.

బెలూన్ విప్పే ముందు అందులో గాలి పూర్తిగా తీసేయండి. ప్రెషర్ ఉండగా ఫిట్టింగు వదులు చేస్తే అది తూటాలా వస్తుంది. ఛాసిస్‌కు బిగించని బెలూన్‌లో గాలి నింపి లీకు చూద్దామని ఎప్పుడూ అనుకోకండి. బోల్టులు బిగుతు కొలిచే టార్క్ పానాతోనే బిగించండి. బిగించాక మెల్లగా గాలి ఎక్కిస్తూ మడత చుట్టూ సమానంగా వచ్చిందో లేదో చూడండి. అసలు గాలి లేకుండా బస్సును దాని బరువుతో బెలూన్ మీద కూర్చోబెడితే రబ్బరు లోపలికి మడతపడి నలుగుతుంది.

(సభలో ఒక మేస్త్రీ: బెలూన్‌కు చిన్న చిల్లు పడితే ట్యూబుకు వేసినట్టు ప్యాచ్ వేయొచ్చా అండీ?)

వద్దండీ. ట్యూబుకు చుట్టూ టైరు కాపలా ఉంటుంది. బెలూన్‌కు అలాంటిదేమీ లేదు, దాని గోడలో ఉన్న దారాలే బలం. చిల్లు పడిందంటే ఆ దారాలు తెగాయి. పైపైన వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనపడితే గమనిస్తూ ఉండొచ్చు. దారం కనపడిన రోజు మార్చేయాల్సిందే.

(ఒక డ్రైవర్: రాత్రిపూట హైవే మీద పగిలితే ఏం చేయాలి సార్?)

ముందు స్పీడు తగ్గించి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, బస్సును రోడ్డు అంచుకు తీసి ఆపండి. సడన్ బ్రేకు వద్దు. హజార్డ్ లైట్లు వేయండి, ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టించండి, ప్రయాణికులను రోడ్డు వైపు కాకుండా అవతలి వైపుకు దించండి. ఆ మూల కూర్చుంది కాబట్టి అక్కడి లెవలింగ్ వాల్వ్ బస్సును లేపాలని పగిలిన బెలూన్‌లోకి గాలి పోస్తూనే ఉంటుంది. ప్రొటెక్షన్ వాల్వ్ బ్రేకులకు కొంత గాలి మిగులుస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని నడిపేయకండి. గేజు చూడండి. రెండు బ్రేకు లైన్లలో ఏ ఒక్కదాంట్లో అయినా ప్రెషర్ నిలబడట్లేదంటే, వార్నింగ్ లైటు ఆరట్లేదంటే, బస్సు అక్కడి నుంచి ఒక్క అడుగు కదలకూడదు, ఎవరు ఫోన్లో అరిచినా సరే. ప్రెషర్ నిలబడితే షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేయండి. వాల్వ్ చేతిని మధ్యలో కట్టి ఆ దారి మూయడం ఎలాగో ఆయన చెప్తాడు. అది కూడా బయటి నుంచి చెయ్యి అందితేనే, కిందికి దూరకుండా. తర్వాత ప్రయాణికులను వేరే బస్సు ఎక్కించి, ఖాళీ బండిని నడక వేగంతో దగ్గర్లోని షెడ్డుకు చేర్చండి. చేరాక ఆ పగిలిన బెలూన్‌ను మాత్రం పారేయనివ్వకండి, మేస్త్రీ చేతికి ఇచ్చి ఎక్కడ అరిగిందో చూడమనండి.